నేలకు కాలు అందే లెక్క

మోటార్‌సైకిల్ కంపెనీలు ముద్రించే వివరాల పట్టికలో సీటు ఎత్తు అనే అంకె ఒకటి ఉంటుంది. బండిని నిటారుగా నిలిపినప్పుడు నేల నుంచి సీటులోని అతి పల్లపు చోటు వరకు ఉండే దూరమే అది. పొట్టివారు బండి ఎంచుకునేటప్పుడు మొదట వెతికేది ఈ అంకెనే, చాలాసార్లు దాని దగ్గరే నిర్ణయం కూడా అయిపోతుంది. హీరో స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు. పట్టిక ప్రకారం రెండింటికీ తేడా అయిదు మిల్లీమీటర్లే అయినా, ఏళ్ల తరబడి స్ప్లెండర్ నడిపిన పొట్టి మనిషి హంటర్ మీద కూర్చుని సిగ్నల్ దగ్గర ఆగవలసి వచ్చినప్పుడు తడబడడంలో వింత లేదు. ఎందుకంటే మొదటిది 112 కిలోల బండి, రెండోది 181 కిలోల బండి. కాలు ఎంత దూరం చాపాలన్నదానితో పాటు, ఆ కాలు ఎంత బరువును మోయాలన్నది కూడా ఈ లెక్కలో భాగమే, ఆ రెండో సంగతి సీటు ఎత్తులో కనిపించదు.

ముందుగా కాలి కొలత సంగతి చూడాలి. 1996లో పుట్టిన భారతీయ పురుషుల సగటు ఎత్తు 165 సెంటీమీటర్ల దగ్గర, స్త్రీలది 153 సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్టు ప్రపంచ దేశాల ఎత్తులను పోల్చిన అధ్యయనాలు చెబుతున్నాయి. తొడలు కలిసే చోటు నుంచి నేల వరకు ఉండే లోపలి కాలి కొలత సాధారణంగా మనిషి ఎత్తులో 45 నుంచి 47 శాతం ఉంటుంది కాబట్టి, సగటు పురుషుడికి అది 74–78 సెంటీమీటర్లు, సగటు స్త్రీకి 69–72 సెంటీమీటర్లు అవుతుంది. గోడకు ఆనుకుని వట్టి కాళ్లతో నిలబడి, తొడల మధ్య ఒక పుస్తకాన్ని పైకి బిగించి పెట్టి, దాని పై అంచు నుంచి నేలకు టేపు పెడితే ఎవరి కొలత వారికే తెలుస్తుంది. ఈ అంకెలను 80 సెంటీమీటర్ల సీటు పక్కన పెట్టి చూస్తే, సగటు పురుషుడికే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనవని, ఈ దేశంలో మోటార్‌సైకిల్ నడిపేవారిలో చాలామంది మునివేళ్ల మీద, పాదం ముందు భాగం మీదే బండిని నిలుపుకుంటున్నారని తేలుతుంది. మడమ పైకెత్తితే ఎనిమిది పది సెంటీమీటర్ల ఆసరా దొరుకుతుంది, బూటు అట్ట మరో రెండు మూడు సెంటీమీటర్లు కలుపుతుంది. రెండు పాదాలూ చదునుగా ఆనితేనే బండి తనకు సరిపోయినట్టన్న నమ్మకం వల్ల మంచి బండ్లను వద్దనుకున్నవారు చాలామందే ఉంటారు.

సీటు ఎత్తు చెప్పని వాటిలో మొదటిది సీటు వెడల్పు. కాలు సీటు మధ్య నుంచి నిలువుగా కిందికి దిగదు. ముందు సీటు అంచును చుట్టి, పక్కనున్న ఇంజిన్ కవరును, ఫుట్‌రెస్టును తప్పించుకుని వాలుగా దిగుతుంది. జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ తన బండ్ల వివరాల్లో ఈ దారిని కూడా కొలిచి ఇస్తుంది: ఒక పాదం నేలను తాకే చోటు నుంచి సీటు మీదుగా అవతలి పాదం తాకే చోటు వరకు ఉండే మొత్తం వంపు పొడవు అది. ఆ సంస్థ ఆర్ 1250 జీఎస్ బండికి సీటు ఎత్తు 850 మిల్లీమీటర్లయితే వంపు పొడవు 1,870 మిల్లీమీటర్లు. అందులో సగం, అంటే 935 మిల్లీమీటర్లు, ఒక్కొక్క కాలు దిగవలసిన దూరం. సీటు ఎత్తు కన్నా ఇది ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఎక్కువ. ఆ అదనమంతా వెడల్పు వల్ల వచ్చిందే. ముందు భాగం సన్నగా కోసినట్టున్న 820 మిల్లీమీటర్ల సీటు, బల్లపరుపుగా పరచుకున్న 790 మిల్లీమీటర్ల సీటు కన్నా పొట్టివారికి అనుకూలంగా ఉండగలగడానికి కారణం ఇదే.

రెండోది బండి కుంగుబాటు. మనిషి కూర్చోగానే స్ప్రింగులు అణిగి సీటు కొంత దిగుతుంది, అయితే పట్టికలో ఇచ్చేది సాధారణంగా మనిషి లేనప్పటి ఎత్తు. అమెరికాలోని హార్లే-డేవిడ్‌సన్ మాత్రం సుమారు 82 కిలోల మనిషి కూర్చున్నప్పటి ఎత్తును కూడా విడిగా ప్రకటిస్తుంది. ఈ కుంగుబాటు అన్ని బండ్లకూ ఒకలా ఉండదు. చక్రం పైకీ కిందికీ కదలగల దూరాన్ని సస్పెన్షన్ ట్రావెల్ అంటారు. రాళ్ల దారుల కోసం చేసిన బండ్లలో అది ఎక్కువగా ఉంటుంది, అదే వాటి ఎత్తుకు మూలం కూడా. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ మామూలు రకంలో ముందు చక్రానికి 190, వెనక చక్రానికి 170 మిల్లీమీటర్ల కదలిక ఉండి సీటు 825 మిల్లీమీటర్ల దగ్గర ఉండగా, అదే బండి ప్రో రకంలో ఆ కదలిక 250, 220 మిల్లీమీటర్లకు పెరిగి, సీటు 891 మిల్లీమీటర్లకు లేచింది. సీటును ఎత్తులో పెట్టాలని ఎవరూ పెట్టలేదు. చక్రం అంత పైకి రావడానికి చోటు కావాలంటే దాని పైనున్నదంతా పైకి జరగక తప్పదు. అలాంటి మెత్తని పొడుగు సస్పెన్షన్లు మనిషి బరువుకు కొన్ని సెంటీమీటర్లు దిగుతాయి కాబట్టి అవి పట్టికలో భయపెట్టినంతగా నేల మీద భయపెట్టవు. అయితే 50 కిలోల మనిషికి 80 కిలోల మనిషికి దిగినంతగా దిగవు. పొట్టివారు తరచూ తేలికగా కూడా ఉంటారన్నది ఇక్కడి చిక్కు.

అన్నిటికన్నా పెద్ద సంగతి బరువు, దాన్ని కొంచెం లెక్క కట్టి చూడడం మంచిది. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించి ఉన్నట్టు భావించే బిందువు, నేలకు అర మీటరు ఎత్తున ఉందనీ, హ్యాండిల్ 90 సెంటీమీటర్ల ఎత్తున ఉందనీ అనుకుంటే, బండి నిటారుగా ఉన్నప్పుడు దాన్ని నిలపడానికి రెండు వేళ్లు చాలు. అయిదు డిగ్రీలు ఒరిగితే హ్యాండిల్ దగ్గర సుమారు 9 కిలోల బలం పెట్టాలి, పది డిగ్రీలకు 19, పదిహేను డిగ్రీలకు 28 కిలోలు. అదే పదిహేను డిగ్రీలకు స్ప్లెండర్ అడిగేది 16 కిలోలే. పైన కూర్చున్న మనిషి బరువు, వెనక కూర్చున్నవారి బరువు దీనికి అదనం. ఇప్పుడు కాలి సంగతి కలిపి చూస్తే, పాదం బండి మధ్య రేఖకు 35 సెంటీమీటర్ల పక్కన ఆనుతుందనుకున్నప్పుడు, నేల మూడు సెంటీమీటర్లు అందకపోతే ఆ లోటు తీరడానికి బండి అయిదు డిగ్రీలు ఒరగాలి. మూడు సెంటీమీటర్ల లోటు ఆ విధంగా చేతుల మీద తొమ్మిది కిలోల భారంగా మారుతుంది. లోటు పెరిగే కొద్దీ భారమూ పెరిగి, ఒక హద్దు దాటాక బండి పడిపోతుంది. తేలిక బండి ఆ తప్పును క్షమిస్తుంది, బరువు బండి క్షమించదు.

ఆడవారిలో ఎక్కువమంది స్కూటర్లు ఎంచుకోవడానికి సీటు పల్లంగా ఉండడమే కారణమని సామాన్యంగా అనుకుంటారు గానీ, హోండా యాక్టివా 6జీ సీటు ఎత్తు 764 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు. స్కూటర్‌లో పాదాలుంచే అడుగు పలక కాళ్లను ఇంకా ఎడంగా పెట్టిస్తుంది కూడా. అయినా స్కూటర్ సులువుగా అనిపించడానికి దాని బరువు మీటియర్ బరువులో దాదాపు సగమే కావడం, గేర్లు లేకపోవడం, కాలు ఎత్తి దాటించకుండా చీరతోనైనా ముందు నుంచి ఎక్కగలగడం కారణాలు. బజాజ్ అవెంజర్ 220లో సీటు 737 మిల్లీమీటర్లకు దిగింది, హోండా రెబెల్ 500లో 690కి; ఈ క్రూయిజర్ తరహా బండ్లలో మనిషి చక్రాల మధ్య పల్లంలో, పాదాలు ముందుకు చాచి కూర్చుంటాడు కాబట్టి నేల సులువుగా అందుతుంది. కానీ పొట్టి కాళ్లున్నవారికి చేతులూ తదనుగుణంగానే ఉంటాయి కనుక, ముందుకు చాచిన ఫుట్‌రెస్టులూ వెడల్పాటి హ్యాండిలూ మలుపుల్లో అందక ఇబ్బంది పెట్టవచ్చు.

నేల అందడమన్నది ఆగినప్పటి సమస్యే. 160 సెంటీమీటర్ల దగ్గరి ఎత్తున్న స్పెయిన్ రేసర్ డానీ పెడ్రోసా 2003లో 125 సీసీ, 2004, 2005లలో 250 సీసీ ప్రపంచ చాంపియన్‌గా గెలిచి, ఆ తరువాత ఏళ్ల పాటు మోటోజీపీ బండ్లతో పోటీపడ్డాడు. పందెం మొదలయ్యే ముందు బండిని పట్టుకోవడానికి మెకానిక్కులు ఉంటారు నిజమే. ఊళ్లో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆ సౌకర్యం ఉండదు. అందుకే పొట్టివారికి శిక్షణ ఇచ్చేవారు ఆగే పద్ధతి మీదే ఎక్కువ శ్రద్ధ పెడతారు: బండి ఆగుతుండగా నడుమును సీటు ఎడమ అంచుకు జరిపి, ఎడమ పాదాన్ని మాత్రం పూర్తిగా ఆన్చి, కుడి పాదాన్ని వెనక బ్రేకు మీదే ఉంచాలి. పైన చెప్పిన మూడు సెంటీమీటర్ల లోటును బండిని ఒరగనీయకుండా ఒంటిని జరపడంతో తీర్చుకోవడమే ఇందులోని కిటుకు. ముందు బ్రేకును చివరి క్షణంలో హ్యాండిల్ తిప్పి ఉంచి నొక్కితే బండి ఒక పక్కకు లాగుతుంది కాబట్టి, హ్యాండిల్ నేరుగా ఉండగానే ఆగడం అలవాటు కావాలి. ఎడమ పక్కన నడిచే మన రోడ్లలో నీరు పోవడానికి ఎడమ వైపు వాలు ఉంటుంది. నూటికి రెండున్నర వాలైతే ఎడమ పాదం కింద నేల దాదాపు ఒక సెంటీమీటరు పల్లంగా ఉంటుంది. అది చిన్న తేడానే. తారు అంచు దాటితే ఉండే మట్టి పల్లం మాత్రం చిన్నది కాదు, పొట్టివారు రోడ్డు అంచున ఆగకపోవడమే మేలు. బండిని నిలిపేటప్పుడు కూడా పల్లానికి ముఖం పెట్టి వదిలితే, మునివేళ్లతో వెనక్కి నెట్టుకోవడం అసాధ్యమై, ఎవరినో పిలవవలసి వస్తుంది.

బండినే తగ్గించాలనుకునేవారికి దారులు కొన్ని ఉన్నాయి గానీ అన్నిటికీ ఒకే వెల ఉండదు. సీటు స్పాంజిని, ముఖ్యంగా ముందు వైపు రెండు అంచులను, కోయించి కుట్టించుకోవడం అన్నిటికన్నా చవక, బండి నడతను అది ముట్టుకోదు; దూర ప్రయాణాల్లో కూర్చున్న చోట నొప్పి పుట్టడం దీనికి చెల్లించే మూల్యం. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450లో మామూలు సీటునే 825, 845 మిల్లీమీటర్ల ఎత్తుల్లో అమర్చుకోవచ్చు, విడిగా దొరికే తక్కువ ఎత్తు సీటు దాన్ని 805కు దించుతుంది. వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగుకు ముందే ఇచ్చి ఉంచే బిగింపును, అంటే ప్రీలోడ్‌ను, తగ్గించినా సీటు కొంత దిగుతుంది, కానీ వెనక ఒక మనిషి ఎక్కినప్పుడు గుంతల్లో షాక్ అబ్జార్బర్ చివరంటా అణిగి దబ్బున కొడుతుంది.

వెనక సస్పెన్షన్ లింకులు మార్చడం, పొట్టి షాక్ అబ్జార్బర్లు వేయించడం, ముందు ఫోర్కు గొట్టాలను బిగింపుల్లోంచి పైకి జరపడం వేరే సంగతి. వెనక మాత్రమే దించితే ముందు ఫోర్కు మరింత వాలి, హ్యాండిల్ మలుపులకు బద్ధకంగా తిరుగుతుంది, హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలోకి లేస్తుంది. సైడ్ స్టాండు పొడవు మారదు కాబట్టి బండి దాని మీద దాదాపు నిటారుగా నిలిచి, కాస్త గాలికే అవతలి పక్కకు పడుతుంది. దాన్ని కూడా కోయించి అతికించక తప్పదు. పెద్ద కుదుపులో టైరు మడ్‌గార్డును రాయవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న గట్లు ఆ కొలతలను పట్టించుకోవు గనుక, ఇంజిన్ కింద ఖాళీని పోగొట్టుకున్న బండికి ప్రతి వీధిలోనూ రాపిడి తప్పదు. చట్టం కూడా అడ్డు వస్తుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని గట్టిగా సమర్థించింది. కంపెనీ సొంతంగా అమ్మే తక్కువ ఎత్తు సీటుకు ఈ పేచీ లేదు.

డబ్బుకు వెనకాడని వర్గానికి పరిష్కారం దొరికిపోయింది. 2021లో వచ్చిన హార్లే-డేవిడ్‌సన్ పాన్ అమెరికా 1250 స్పెషల్‌లో, బండి ఆగబోతున్నట్టు గ్రహించి సస్పెన్షన్‌ను తనంతట తాను దించి, కదలగానే మళ్లీ లేపే ఎలక్ట్రానిక్ ఏర్పాటును అమర్చుకునే వీలుంది. బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్‌లోనూ సుమారు మూడు సెంటీమీటర్లు దించే అలాంటి ఏర్పాటును అదనపు ధరకు ఇస్తున్నారు. ఇది లక్షల్లో ధర పలికే బండ్ల సంగతి. ఇక్కడ ఎక్కువగా అమ్ముడయ్యే 100 నుంచి 350 సీసీ బండ్లకు ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు, సీటు ముందు భాగాన్ని సన్నగా చెక్కి, తక్కువ ఎత్తు సీటును కొనేటప్పుడే ఎంచుకోనిస్తే చాలు. కొనుగోలుదారులు షోరూములో తాము రోజూ వేసుకునే బూట్లతో కూర్చుని, బండిని సైడ్ స్టాండు నుంచి లేపి, ఒక్క కాలి మీద నిలిపి, కూర్చునే వెనక్కి నెట్టి చూడనిదే బయానా ఇవ్వకూడదు; కంపెనీలు తమ పట్టికల్లో సీటు ఎత్తు పక్కనే వంపు పొడవును కూడా ముద్రించాలి.