పంటల బీమా పరిహార నిర్ణయంలో ప్రాంతీయ గణాంక నమూనాలు

2016 ఖరీఫ్ నుండి అమలులో ఉన్న ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో విస్తృత పంట నష్టానికి పరిహారాన్ని ఒక్కొక్క పొలాన్ని బట్టి గాక, బీమా యూనిట్ సగటు దిగుబడిని బట్టి నిర్ణయిస్తారు. ప్రధాన పంటలకు సాధారణంగా గ్రామ పంచాయతీయే యూనిట్. గడచిన 7 సంవత్సరాలలో మెరుగైన 5 సంవత్సరాల సగటును నష్టపరిహార స్థాయితో (70, 80 లేక 90 శాతం) గుణించగా హామీ దిగుబడి లభిస్తుంది. వాస్తవ దిగుబడి అంతకంటే ఎంత శాతం తగ్గితే, బీమా మొత్తంలో అంత శాతం పరిహారంగా అందుతుంది. హామీ దిగుబడి హెక్టారుకు 2,000 కిలోలు, వాస్తవ దిగుబడి 1,500 కిలోలు అయినచో పరిహారం 25 శాతం.

వాస్తవ దిగుబడిని పంట కోత ప్రయోగాల ద్వారా అంచనా వేస్తారు. గ్రామానికి ప్రధాన పంటపై కనీసం 4 ప్రయోగాలు జరుగుతాయి. పొలాల మధ్య దిగుబడుల ప్రామాణిక విచలనం 400 కిలోలు అనుకొన్నచో, 4 ప్రయోగాల సగటుకు ప్రామాణిక దోషం 200 కిలోలు. నిజ దిగుబడి సరిగా 2,000 కిలోలే ఉన్న గ్రామంలో సైతం అంచనా అంతకు తగ్గే అవకాశం సగం ఉంటుంది. దోషం పైవైపున్నప్పుడు రైతు నుండి వసూలేమీ ఉండదు గనుక, సగటున బీమా మొత్తంలో సుమారు 4 శాతం నష్టం లేకున్నా చెల్లింపవలసి వస్తుంది. మరొకచోట నిజంగా నష్టపోయిన గ్రామానికి పరిహారం దక్కకపోవచ్చును.

ఈ దోషాన్ని తగ్గించుటకు పొరుగు గ్రామాల సమాచారాన్ని కలుపుకొనవచ్చును. గ్రామాల మధ్య నిజమైన తేడాల విస్తృతి, ప్రతిచయన దోషపు విస్తృతి సమానమైనచో గ్రామ అంచనాకు, పొరుగు సగటుకు చెరిసగం భారం ఇస్తారు. గ్రామంలో 1,500, పొరుగున 1,900 కిలోలు నమోదైతే సవరించిన అంచనా 1,700 కిలోలు.

అయితే వడగండ్లు, ముంపు వంటి స్థానిక విపత్తులలో ఈ సవరణ నిజమైన నష్టాన్నే కప్పివేయగలదు. కనుక వర్షపాతం, నేల స్వభావం, నీటి వసతి, ఉపగ్రహ సమాచారం నమూనాలో చేర్చి, పోలిక గల గ్రామాలనే జతచేయాలి.

ప్రీమియం నిర్ణయంలో మరొక అంశం ముఖ్యం. వర్షాభావం పక్కపక్క మండలాలను ఒకేసారి దెబ్బతీస్తుంది. వాటిని పరస్పరం స్వతంత్రమైనవిగా భావించే నమూనా మొత్తం భారాన్ని తక్కువగా చూపుతుంది. కరవు ఏడాదిలో నిధులు చాలవు. నమూనా ఎంత మెరుగైనదైనా కోత ప్రయోగాల నాణ్యతకు ప్రత్యామ్నాయం కాజాలదు. యాదృచ్ఛికంగా ఎంపికైన పొలంలోనే, నిర్ణీత విస్తీర్ణంలోనే కోత జరిగినప్పుడు మాత్రమే రైతుకు న్యాయమైన పరిహారం అందుతుంది.