కుళాయి ఎందుకు కారుతుంది? తూము ఎందుకు కంపు కొడుతుంది?

మీ ఇంట్లో కారే కుళాయి ఉందా? మీ ఊళ్ళో దాన్ని పంపు అంటారో, నల్లా అంటారో, ఏదైనా సరే. దాని కింద ఒక గ్లాసు పెట్టి గడియారం చూసుకోండి. 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు 20 నిమిషాల్లో నిండిందనుకుందాం. అంటే గంటకు 600 మిల్లీలీటర్లు. రోజుకు 14 లీటర్ల 400 మిల్లీలీటర్లు. ఇంచుమించు ఒక బిందెడు నీళ్ళు! నెలకు 432 లీటర్లు, ఏడాదికి 5 వేల లీటర్ల పైచిలుకు. ఎండాకాలంలో వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి బిందె మోసుకొచ్చిన వాళ్ళను అడగండి, ఆ బిందె విలువెంతో చెబుతారు.

కుళాయి కారుతోందనగానే ఇంట్లో అందరూ చేసే పని ఒకటే. దాన్ని ఇంకా గట్టిగా బిగిస్తారు. రెండు రోజులు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఎందుకని?

తిప్పి కట్టే మామూలు కుళాయి లోపల ఒక మర కడ్డీ ఉంటుంది. దాని అడుగున బిళ్ళలాంటి వాషర్ ఉంటుంది. మనం కుళాయి కట్టినప్పుడు ఈ వాషర్ కిందికి దిగి, నీళ్ళు వచ్చే రంధ్రం మీద మూతలా కూర్చుంటుంది. ఇంతకూ ఆ వాషర్ ఎంత బలాన్ని ఆపాలి? లెక్క కట్టడం కష్టం కాదు. 10 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కిలోగ్రాము బరువుతో నొక్కుతుంది. మేడమీది ట్యాంకులో నీటి మట్టం మీ కుళాయికి 3 మీటర్ల పైన ఉందనుకోండి. పీడనం చదరపు సెంటీమీటరుకు 300 గ్రాములు. కుళాయి లోపలి రంధ్రం వైశాల్యం కూడా సుమారు ఒక చదరపు సెంటీమీటరే. అంటే వాషర్ ఆపవలసినది రెండు బత్తాయిల బరువు! దానికోసం మనం పళ్ళు బిగబట్టి తిప్పనవసరం లేదు. అలా తిప్పితే రంధ్రం అంచు వాషర్‌లోకి దిగబడి గాడి పడుతుంది. ఆ గాడిలోంచి నీరు కారుతుంది. కారుతోందని మళ్ళీ బిగిస్తాం, గాడి ఇంకా లోతవుతుంది. కుళాయిని పాడుచేసేది చాలాసార్లు నీరు కాదు, మన చెయ్యి.

వాషర్ మార్చడం పెద్దవాళ్ళు దగ్గరుంటే మీరూ చేయగల పనే. ముందు ట్యాంకు దగ్గరున్న వాల్వు కట్టెయ్యండి. కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్ళు పోనివ్వండి. కుళాయి ఒంటిని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, పైనున్న నట్టును పానాతో ఎడమవైపు తిప్పితే కడ్డీ మొత్తం బయటికి వస్తుంది. పాత వాషర్ తీసి, అదే కొలతది కొత్తది పెట్టి, రంధ్రం అంచున ఇసుకరేణువులుంటే గుడ్డతో తుడిచి, తిరిగి బిగించాలి. బిగించేటప్పుడు కడ్డీని పైకి తిప్పి ఉంచండి. లేకపోతే కొత్త వాషర్ మొదటి రోజే నలిగిపోతుంది. ఈ మధ్య కట్టిన ఇళ్ళలో పావుచుట్టు తిప్పితే చాలు తెరుచుకునే కుళాయిలుంటాయి. వాటిలో వాషర్ బదులు నున్నటి పింగాణీ బిళ్ళలు రెండు ఒకదానిమీద ఒకటి జారుతాయి. వాటికి శత్రువు ఇసుక. గీతలు పడితే లోపలి భాగం మొత్తంగా మార్చవలసిందే.

కుళాయి గోడలో బిగించిన చోట, మరల మధ్యనుంచి కారుతుంటే మందు వేరు. పూర్వం ప్లంబర్లు అక్కడ జనపనార చుట్టి సఫేదా పూసేవారు. ఇప్పుడు తెల్లటి టెఫ్లాన్ టేపు చుడుతున్నారు. 1938లో రాయ్ ప్లంకెట్ అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు వేరే వాయువుకోసం వెతుకుతుండగా అనుకోకుండా దొరికిన పదార్థమిది. మర కొసను మీ వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున టేపు చుట్టండి. ఎదురు దిక్కున చుడితే, బిగిస్తున్నకొద్దీ ఊడివస్తుంది.

సంపు నిండినా నీళ్ళు ఆగకుండా పొర్లిపోతుంటే? అక్కడ కాపలా ఉండేది ఒక బంతి. నీటి మట్టంతోబాటు పైకి తేలి, తన పొడవాటి చేతితో వాల్వును మూస్తుంది. తేల్చేది ఆర్కిమెడిస్ చెప్పిన ఉత్ప్లవన బలం. ఆ బలాన్ని కొన్ని రెట్లు చేసేది లీవరు. ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో విడివిడిగా చదివే రెండు పాఠాలు ఇక్కడ ఒకే పనిచేస్తున్నాయి! తప్పెక్కడుందో కనిపెట్టడానికి పెద్దవాళ్ళలో ఎవరినైనా ఆ బంతిని చేత్తో పైకెత్తమనండి. మీరు మాత్రం సంపులోకి వంగవద్దు, దిగవద్దు. ఎత్తగానే నీళ్ళు ఆగితే దోషం బంతిది. చిల్లుపడి లోపల నీళ్ళు చేరి ఉంటాయి, ఊపితే తెలుస్తుంది. ఎత్తినా ఆగకపోతే దోషం వాల్వులోని వాషర్‌ది. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో కారడం కంటికి కనిపించదు. అందులో కాస్త నీలిమందు కలిపి, పావుగంట ఎవరినీ వాడనివ్వకండి. కింది పళ్ళెంలో నీలం కనిపిస్తే కారుతున్నట్టే.

షవరు నీరసంగా వస్తోందని కొందరు పెద్ద ట్యాంకు కొంటారు. ఇది డబ్బు దండగ. పీడనం నీటి ఎత్తును బట్టి ఉంటుంది గాని నీటి మొత్తాన్ని బట్టి కాదు. 500 లీటర్ల ట్యాంకైనా, 5,000 లీటర్ల ట్యాంకైనా, మట్టం ఒకే ఎత్తులో ఉంటే కుళాయి దగ్గర ఒకే పీడనం. ముందు షవరు రంధ్రాల్లో తెల్లటి గార పట్టిందేమో చూడండి. కఠిన జలం వదిలిన కాల్షియం కార్బొనేట్ అది. షవరు మూత విప్పి నిమ్మరసంలో గాని వినెగర్‌లో గాని నానవేస్తే బుడగలు వస్తాయి. ఆమ్లం గారను కరిగించి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతున్నదన్నమాట.

ఇక తూము సంగతి. సింకు కింద పైపు తిన్నగా పోకుండా వంపు తిరిగి ఉంటుంది కదా? నీళ్ళు పోవడానికి అడ్డంకిలా కనిపించే ఆ వంపులోనే గొప్ప తెలివి ఉంది. అందులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. మురుగు కాలువలోని దుర్వాసన, బొద్దింకలు ఆ నీటిని దాటి ఇంట్లోకి రాలేవు. నీటితోనే తలుపు! లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో ఇలాంటి వంపు పైపున్న మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. మన స్నానాల గదుల్లో నేలమీద ఉండే నహానీ ట్రాప్‌లోనూ ఇదే సూత్రం. దాని లోపల గిన్నె బోర్లించినట్టున్న మూత ఉంటుంది. నీళ్ళు త్వరగా పోవడం లేదని చాలామంది ఆ మూతను తీసి పారేస్తారు. మర్నాటినుంచి కంపు, బొద్దింకలు. సెలవులకు ఊరెళ్ళి వచ్చేసరికి ఇల్లు కంపు కొడుతుంటే, ఆ నీరు ఆవిరైపోయిందని అర్థం. ప్రతి తూములో ఒక చెంబెడు నీళ్ళు పొయ్యండి, చాలు. కొన్నిసార్లు వంపులో చిక్కుకున్న వెంట్రుకల చుట్ట దీపం వత్తిలా నీటిని పీల్చి అవతలికి జారవిడుస్తుంది. కేశనాళికీయత అంటే ఇదే.

తూము పూడితే కర్రకు బిగించిన రబ్బరు గిన్నెతో పైకీ కిందికీ నొక్కండి. నీరు నొక్కుకుపోదు కనుక, మీ చేతి బలం నేరుగా అడ్డంకి మీద పడుతుంది. ఆసిడ్ జోలికి పోవద్దు. ముఖ్యంగా ఆసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకేచోట పొయ్యకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీద వదిలిన విషవాయువు అదే. తలుపు మూసిన స్నానాల గదిలో అది ఎంత ప్రమాదమో ఊహించుకోండి.

ఇంతవరకూ చెప్పినవి నీటినీ డబ్బునూ వృథాచేసే లోపాలు. నీళ్ళ పైపు నేలలో, మురుగు కాలువ పక్కన పగిలితే మాత్రం ఆ లోపం రోగాలు తెస్తుంది. కుళాయిలో నీళ్ళు వస్తున్నంతసేపు పైపు లోపలి పీడనం ఎక్కువ. కాబట్టి నీరు బయటికి పోతుంది. చాలా ఊళ్ళలో నీళ్ళు వదిలేది రోజులో కొద్ది గంటలే. కట్టెయ్యగానే లోపలి పీడనం పడిపోతుంది. అప్పుడు నీరు బయటికి పోయిన పగులులోంచే బయటి మురుగు లోపలికి వస్తుంది. ఎవరైనా మునిసిపల్ పైపుకే నేరుగా మోటారు తగిలించి లాగితే, లోపలి పీడనం వాతావరణ పీడనం కంటే తగ్గి, మురుగు మరింత జోరుగా పీల్చుకుంటుంది. టైఫాయిడ్, కలరా, కామెర్లు వీధి మొత్తానికి ఇలా పాకగలవు. మోటారు పెట్టినవాళ్ళ ఇల్లు కూడా ఆ వీధిలోనే ఉంటుంది! మురికి నీళ్ళ బకెట్లో ముంచి వదిలేసిన రబ్బరు గొట్టం కూడా ఇదే పనిచేస్తుంది. నీళ్ళు ఆగిపోగానే సైఫన్‌లా బకెట్లోని నీటిని వెనక్కి లాగుతుంది. అందుకే గొట్టం కొస ఎప్పుడూ బకెట్ అంచుకు పైనే ఉండాలి.

కుళాయి నీటికి కాస్త క్లోరిన్ వాసన వస్తే ముక్కు మూసుకోకండి, అది మన రక్షకభటుడు. తాగేనీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. రోజూ వచ్చే ఆ వాసన ఉన్నట్టుండి మాయమైనా, మొదట వచ్చే నీళ్ళు మడ్డిగా ఉన్నా, ఆ నీటిని తాగకుండా మునిసిపాలిటీకో పంచాయతీకో వెంటనే కబురు చెయ్యండి. పైపు బాగుచేసేదాకా నీళ్ళు కళపెళ మరిగి, కనీసం ఒక నిమిషం ఆ మరుగు నిలిచాకే దించి, మూతపెట్టి చల్లార్చి తాగండి. బాగుచేశాక కూడా మొదటి రెండు మూడు బిందెలు పట్టి ఇల్లు కడగడానికి వాడండి. సంపులోకి ఆ మురుగు నీరు చేరి ఉంటే, పెద్దవాళ్ళచేత దాన్ని ఖాళీ చేయించి, బ్లీచింగ్ పౌడరుతో కడిగించిన తర్వాతే కొత్త నీరు పట్టండి.