మేనిచాయ నెరిగిన ఆహార్యము

నాట్యశాస్త్రము అభినయమును నాలుగు విధములుగా విభజించినది. ఆంగిక, వాచిక, సాత్త్వికములతో పాటు ఆహార్యమునకును అందు సమస్థానము కలదు. నేపథ్యమను పదమునకు వేషమనియు, తెరవెనుక చోటనియు రెండర్థములు. వేషము ప్రేక్షకుల కన్నులకు కట్టును. దానిని కూర్చిన చేతులు తెరచాటుననే యుండిపోవును. అమెరికా రంగస్థలమున పనిచేసిన ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీల విషయమున ఈ మాట మరింత సత్యము. అట్టివారిలో ప్రథమముగా స్మరింపదగిన పేరు జెల్డా విన్ వాల్డెజ్.

ఆమె 1905లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి చేంబర్స్‌బర్గ్‌లో జన్మించెను. అవ్వకు దుస్తులు కుట్టు స్త్రీని చూచుచునే ఆ విద్యను పట్టుకొనెను. అవ్వ మిక్కిలి పొడగరి, స్థూలకాయురాలు. తనకు కుట్టుట పసిపిల్ల తరము కాదనెను. మనుమరాలు కుట్టియిచ్చిన దుస్తులు మాత్రము చక్కగా అమరెను. ఎట్టి దేహమునైనను లోపముగా నెంచక దానికి తగినట్లు వస్త్రమును మలచుట జీవితాంతము ఆమె పనితనమునకు గుర్తుగా నిలిచెను.

1948లో ఆమె న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే వీథిలో స్వంత దుకాణము తెరచెను. గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, నటీమణులు డొరొతీ డాండ్రిడ్జ్, మే వెస్ట్ మొదలగువారు ఆమెచేత దుస్తులు కుట్టించుకొనిరి. ఎల్లాకు తీరిక తక్కువ. ఒకమారు కొలతలు తీసిన పిమ్మట, పత్రికలలోని ఛాయాచిత్రములను చూచి ఆమె ఎంత లావైనదో ఊహించి కుట్టి పంపెడిదట!

ఆమెకు అరువదియైదేండ్లు వచ్చిన పిమ్మట అసలైన రంగస్థల కృషి ఆరంభమయ్యెను. నర్తకుడు ఆర్థర్ మిచెల్ 1969లో డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ అను బాలే నృత్యసంస్థను కారెల్ షూక్‌తో కలిసి స్థాపించెను. నల్లజాతివారికి బాలే తగదను అపోహను తొలగించుట వారి సంకల్పము. 1970లో మిచెల్ తన సంస్థ ఆహార్యశాఖకు జెల్డాను అధిపతిగా నియమించెను.

బాలేయందు నడుము మొదలు మునివేళ్ళ కొసవరకు కాలు ఒకే రేఖగా కన్పట్టవలెను. అందుకై నర్తకీమణులు లేతగులాబి వన్నె మేజోళ్ళను, పాదరక్షలను ధరించుట ఆచారమయ్యెను. ఆ గులాబి వన్నె తెల్లవారి మేనిరంగునకు సన్నిహితము. నల్లని నర్తకి దానిని ధరించినచో చేతులు ఒక రంగు, కాళ్ళు వేరొక రంగు. రేఖ నడుమ తెగిపోవును. చూచువారు లోపము నర్తకిదని తలతురు. నిజమునకు అది మేజోటిది. డెబ్బదులలో హార్లెమ్ సంస్థ ఈ ఆచారమును త్రోసిపుచ్చెను. నల్లజాతి వారందరి వర్ణమును ఒకటి కాదు. ఒకరిది తేనెవన్నె, ఒకరిది గంధపుచాయ, వేరొకరిది కాటుకనలుపు. ఎవరి చాయకు తగినట్లు వారి మేజోళ్ళకు జెల్డా అద్దకము వేసెడిది. కాలిరేఖ మరల అతుకుకొనెను. మొత్తము 82 బాలేలకు ఆమె ఆహార్యము సమకూర్చెను. 2001లో, తొంబదియారవ యేట కన్నుమూసెను.

ఆమె ఒంటరి కాదు. న్టొజాకె షాంగే రచించి, 1976లో బ్రాడ్‌వేకు వచ్చిన ఒక ప్రసిద్ధ నాటకమున ఏడుగురు స్త్రీపాత్రలకు పేర్లు లేవు. ధరించిన వస్త్రముల రంగులే వారి పేర్లు. ఆ రంగులకు రూపమిచ్చినది జూడీ డియరింగ్. 2019లో ఒకే రాత్రి, ఒకే చలనచిత్రమునకు, వేషరచనకై రూత్ కార్టర్, దృశ్యరచనకై హానా బీచ్లర్ ఆస్కార్ బహుమతుల నందిరి. 2024లో ఘనాలో జన్మించిన డేడే అయీటే నాటక వేషరచనకు టోనీ బహుమతి నందిన తొలి నల్లజాతి స్త్రీ యయ్యెను.

అయినను మార్పు మందగమనముననే నడచినది. బ్రిటన్‌లోని ఒక పేరుగాంచిన పాదరక్షల సంస్థ నల్లని నర్తకులకై గోధుమవన్నె బాలే జోళ్ళను అమ్మకమునకు తెచ్చినది 2018లో. అంతవరకు వారు తమ జోళ్ళకు తామే రంగు పూసికొనుచుండిరి. మేనిరంగు అని పేరిడి అమ్మిన రంగు ఎవరి మేనిదని అంతకాలము అంగడులు అడుగలేదు. జెల్డా వాల్డెజ్ ఆ ప్రశ్నను నోటితో అడుగక, అద్దకపు తొట్టిలో చేయి ముంచి సమాధానము చూపెను.