విమానం పార్టుకీ చెవిబిళ్ళే

మా జంగారెడ్డిగూడెం సైడు గేదె చెవికి పసుప్పచ్చ బిళ్ళ చూశారు కదండీ, 12 అంకెలు. గేదె చేతులు మారినా నంబరు మారదు. విమానం ల్యాండింగ్ గేరుకీ అంతే. శంషాబాద్ జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి రిపేరు షెడ్డుల్లో ఒక విమానానికి ఊడదీసింది, బాగుచేశాక ఇంకోదానికి ఎక్కొచ్చు. ఎన్నిసార్లు నేల మీద దిగిందో ఆ లెక్క మాత్రం సీరియల్ నంబరు పట్టుకుని సాఫ్ట్‌వేర్‌లో వెంటే పోద్ది. హద్దు దాటిందా, గీత పడకపోయినా పక్కన పడేయాల్సిందే.

చిన్న బోల్టులకి విడిగా నంబరుండదు, కాయితమే దిక్కు. అక్కడే చిక్కు. కంప్యూటర్‌కేం తెలుసు, కొట్టిందే నమ్ముద్ది. లండన్‌లోని ఏఓజీ టెక్నిక్స్ దొంగ సర్టిఫికెట్లతో సీఎఫ్ఎం56 ఇంజన్ల పార్టులు అమ్మిందని 2023లో బయటపడింది. నన్నడిగితే, రికార్డులు చూసేవోడు రెంచీ పట్టినోడికేం తక్కువ కాదు. ఆ ముక్కలు ఎందులో ఉన్నాయో తేల్చడానికి విమాన కంపెనీలు పాత రికార్డులన్నీ తిరగేసి, ఇంజన్లు దించుకోవాల్సొచ్చింది మరి.