టీవీ వారంటీ: కౌంటర్ దగ్గరి మాట, కార్డులోని మాట

"మూడేళ్ల వారంటీ సార్, ఏమొచ్చినా మేమే చూసుకుంటాం!" టీవీ కొనేటప్పుడు ఈ మాట వినని వాళ్లుండరు. కార్డు తిప్పి చూస్తే చాలా సెట్లకు కంపెనీ ఇచ్చేది ఏడాదే. ఇంకో ఏడాది కలిపినా తరచూ అది ప్యానెల్‌కే పరిమితం. మిగతాది షాపువాళ్లు విడిగా డబ్బు కట్టించుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ. దాని షరతులు వేరు.

అపోహ: వారంటీ ఉంటే స్క్రీన్ పోయినా కొత్తది వేస్తారు.

వాస్తవం: ఎలా పోయిందన్నదే లెక్క. పగులు లేకుండా నిలువు గీత పడితే, సగం తెర నల్లబడితే సాధారణంగా అది ప్యానెల్ లోపమే. గడువులో ఉంటే ఉచితంగా బాగుచేయాలి. పగిలితే మాత్రం 'ఫిజికల్ డ్యామేజ్' కింద తోసేస్తారు. టెక్నీషియన్ టార్చి వేసి వెతికేది దెబ్బ తగిలిన చుక్క కోసం. అక్కణ్నుంచి పగుళ్లు సాలెగూడులా పాకి ఉంటే ఫొటో తీసి కంపెనీకి పంపేస్తాడు. ఆ తర్వాత "పిల్లలెవరూ ముట్టుకోలేదండీ" అన్నా వినేవాళ్లుండరు. అందుకే డెలివరీ రోజు బాక్సు విప్పినప్పటి నుంచి తెర వెలిగేదాకా వీడియో తీసుకోవాలి. పెద్ద టీవీల్లో ప్యానెల్ ఖరీదుకు ఇంకాస్త కలిపితే కొత్త సెట్టే వస్తుంది మరి.

అపోహ: కార్డు మీద షాపు స్టాంపు లేకపోతే వారంటీ చెల్లదు.

వాస్తవం: కంపెనీలు ముందుగా అడిగేది బిల్లు, సీరియల్ నంబరు. థర్మల్ కాగితం మీద అక్షరాలు నెలల్లోనే వెలిసిపోతాయి కాబట్టి వెంటనే ఫొటో తీసుకోండి. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అనే బేరానికి లొంగొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు.

అపోహ: గూగుల్‌లో పైన కనిపించేదే కస్టమర్ కేర్ నంబరు.

వాస్తవం: దొంగ నంబర్లు అక్కడే ఎక్కువ. "రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు కట్టండి, ఈ యాప్ వేసుకోండి" అంటే ఫోన్ పెట్టేయండి. ఆ యాప్ మీ తెరనంతా, ఓటీపీలతో సహా, అవతలివాడికి చూపిస్తుంది. నంబరు వారంటీ కార్డు నుంచో, కంపెనీ సొంత సైటు నుంచో తీసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అమెరికా నుంచి తెచ్చిన సెట్టుకు ఇక్కడ వారంటీ వస్తుందనుకోవడం కూడా అపోహే. సాధారణంగా అది కొన్న దేశానికే. పైగా 120 వోల్టులకే తయారైనదాన్ని మన 230కి తగిలిస్తే కాలిపోతుంది.

అపోహ: కంపెనీ కాదంటే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. అక్కడ పనికొచ్చేది కంపెనీ ఇచ్చిన ఫిర్యాదు నంబరే. కాబట్టి టీవీ బాగుకాకముందే కంప్లైంట్ క్లోజ్ చేసే ఓటీపీ మాత్రం టెక్నీషియన్‌కు చెప్పకండి.