సస్తా కిట్ డ్రోన్ కొంటున్నారా? పైసలు కట్టే ముందు ఈ లెక్క చూసుకోండి

కరీంనగర్: కోరుట్ల నుంచో, మెట్‌పల్లి నుంచో, నిర్మల్ నుంచో గల్ఫ్ పోయిన ఒక యువకుడు ఏడెనిమిదేళ్ల తర్వాత ఇంటికొచ్చాడనుకుందాం. చేతిలో కొంత పైసలున్నాయి, మళ్లీ పోవాలని లేదు. ఊర్లో వరికి, పత్తికి మందు కొట్టే కూలీలు దొరకడం లేదు. ఇంతలో ఎవరో చెబుతారు: "భాయ్, మందు కొట్టే డ్రోన్ తీసుకో. కంపెనీది ఏడెనిమిది లక్షలు. మనం కిట్ తెప్పించి జోడిస్తే మూడు లక్షల్లో అయిపోతది."

ఈ మాట వినడానికి బాగుంటుంది. డ్రోన్ పని కూడా నిజంగానే ఉంది. కానీ కిట్‌తో జోడించిన డ్రోన్‌కూ, ప్రభుత్వ సర్టిఫికెట్ ఉన్న డ్రోన్‌కూ తేడా ధరలో మాత్రమే లేదు. ఆ తేడా కొన్ననాడు కనబడదు. ప్రమాదం జరిగిననాడు, అమ్ముకోవాలనుకున్ననాడు కనబడుతుంది.

పని ఎందుకుంది?

ఉమ్మడి కరీంనగర్ అంటే వరి, ఉమ్మడి ఆదిలాబాద్ అంటే పత్తి. రెండింటికీ మందు కొట్టక తప్పదు. వరి మడిలో బురదలో దిగి వీపు మీద పంపు మోయాలి. పత్తి ఏపుగా పెరిగాక మనిషి చాళ్ల మధ్య నడుస్తుంటే మందు ముఖం మీదే పడుతుంది. ఆదిలాబాద్‌కు ఆనుకొని ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ విషం పీల్చి ఇరవై మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు. ఆ సంగతి ఈ ప్రాంత రైతులు ఇంకా మరిచిపోలేదు.

పది లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్ ఒక ఎకరాకు దాదాపు పది నిమిషాల్లో మందు కొడుతుంది. మనిషి ఒడ్డు మీద నిలబడితే చాలు. అందుకే దీనికి గిరాకీ పెరుగుతోంది.

కిట్‌లో ఏముంటుంది?

మందు కొట్టే డ్రోన్లలో ఆరు రెక్కలవి ఎక్కువగా కనబడతాయి. కార్బన్ ఫైబర్ ఫ్రేమ్, ఆరు చేతులు, ఆరు మోటార్లు, ఒక్కో మోటారు వేగాన్ని అదుపు చేసే చిన్న కంట్రోలర్లు, మెదడులా పనిచేసే ఫ్లైట్ కంట్రోలర్, జీపీఎస్, రిమోట్, ట్యాంకు, పంపు, నాజిళ్లు, బ్యాటరీలు ఉంటాయి. ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి. ఎలక్ట్రికల్ పని తెలిసిన వ్యక్తి కొద్ది రోజుల్లో జోడించగలడు. అది ఎగురుతుంది కూడా.

ఎగరడం ఒక సంగతి, ఎగరేయడానికి హక్కుండటం మరో సంగతి. బైక్ ఇంజిన్, ఛాసిస్ తెచ్చి ఇంట్లో బండి తయారు చేస్తే అది నడుస్తుంది. కానీ దానికి ఆర్‌సీ రాదు కదా! ఇక్కడా అంతే.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో డ్రోన్లకు 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ వర్తిస్తాయి. వీటి ప్రకారం బరువును బట్టి ఐదు తరగతులు. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, ఆపైన లార్జ్. ట్యాంకులో మందుతో సహా పైకి లేచేటప్పుడు ఉండే మొత్తం బరువునే లెక్కిస్తారు. పది లీటర్ల డ్రోన్లు చాలావరకు 25 కిలోలకు కాస్త తక్కువగా, స్మాల్ తరగతిలో ఉండేలా తయారవుతాయి. కిట్ జోడించేవారు "పెద్ద ట్యాంకు పెడదాం" అంటే బరువు 25 కిలోలు దాటి మీడియం తరగతిలోకి పోవచ్చు. అప్పుడు స్మాల్ తరగతికి తీసుకున్న పైలట్ సర్టిఫికెట్ పనికిరాదు.

వ్యవసాయ డ్రోన్‌కు నాలుగు కాగితాలు ముఖ్యం.

ఒకటి, టైప్ సర్టిఫికెట్. ఇది ఒక్కో డ్రోన్‌కు కాదు, ఆ మోడల్‌కు ఇచ్చేది. తయారీదారు మోడల్‌ను పరీక్షలకు పంపి తెచ్చుకోవాలి. ఇంట్లో జోడించిన దానికి ఇది ఉండదు. నానో డ్రోన్లకు, సరదాకు ఎగరేసే మోడల్ విమానాలకు, నిర్ణీత చోట్ల జరిగే పరిశోధనకు మినహాయింపు ఉంది. పైసలు తీసుకొని పొలానికి మందు కొట్టడం వీటిలోకి రాదు.

రెండు, యూఐఎన్. అంటే ఆ డ్రోన్‌కు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, బండి నంబరు లాంటిది. దరఖాస్తులో టైప్ సర్టిఫికెట్ నంబరు, డ్రోన్ సీరియల్ నంబరు రాయాలి. మొదటిది లేకపోతే రెండోది రాదు.

మూడు, రిమోట్ పైలట్ సర్టిఫికెట్. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, పదో తరగతి పాసవ్వాలి, డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకోవాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. ఇదివరకు పాస్‌పోర్టు తప్పనిసరిగా అడిగేవారు. 2023లో రూల్స్ మార్చి, ప్రభుత్వం ఇచ్చిన ఇతర గుర్తింపు, చిరునామా పత్రాలు ఉన్నా సరిపోతుందన్నారు.

నాలుగు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. డ్రోన్ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినా, ఆస్తి పాడైనా పరిహారం చెల్లించడానికి ఇది. నానో తప్ప మిగతా అన్నిటికీ తప్పనిసరి. నంబరే లేని డ్రోన్‌కు పాలసీ దొరకడం కష్టం. దొరికినా క్లెయిమ్ రోజున నిలబడదు.

ఈ రూల్స్ తప్పితే రూ.లక్ష వరకు జరిమానా పడొచ్చు. జరిమానా కన్నా పెద్ద భయం ఇంకోటుంది. పక్క పొలంలో పని చేసే మనిషి మీద డ్రోన్ పడితే ఆ నష్టమంతా యజమాని సొంత జేబులోంచి కట్టాలి. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కూడబెట్టింది ఒక్క పూటలో పోతుంది.

దుబాయ్ నుంచి తెచ్చుకుంటే?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా తయారైన డ్రోన్ మాత్రమే కాదు, సగం విప్పినదైనా, పూర్తిగా విడదీసి కిట్‌గా కట్టినదైనా తేకూడదు. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రమే అనుమతితో మినహాయింపు. విడిభాగాల దిగుమతికి అడ్డు లేదు. కాబట్టి "కిట్ కదా, లగేజీలో వేసుకొస్తా" అనుకుంటే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు పట్టుకునే ప్రమాదం ఉంది.

బ్యాటరీయే అసలు ఖర్చు

ఇక వ్యాపారం లెక్క. కింది అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి రేట్లు పెట్టి మళ్లీ లెక్కేసుకోండి.

ఎకరాకు కిరాయి రూ.400 అనుకుందాం. ఒక జత బ్యాటరీ ధర రూ.45,000, అది 300 సార్లు చార్జింగ్‌కు ఆగుతుంది, ఒక చార్జింగ్‌కు ఒక ఎకరం అవుతుంది అనుకుందాం. 45,000ను 300తో భాగిస్తే ఎకరాకు రూ.150. అంటే రైతు ఇచ్చిన నాలుగు వందల్లో నూట యాభై బ్యాటరీకే పోయింది. ఈ ఖర్చు రోజూ చేతిలోంచి పోదు కాబట్టి లాభంలా కనబడుతుంది. సీజన్ చివర బ్యాటరీ ఉబ్బినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

ఏడాదికి 100 రోజులు పని దొరికి, రోజుకు 20 ఎకరాలు చేశారనుకుందాం. 2,000 ఎకరాలకు ఆదాయం రూ.8 లక్షలు. పైలట్, సహాయకుడికి కలిపి రోజుకు రూ.1,500 చొప్పున 1.5 లక్షలు. బండి, జనరేటర్ డీజిల్ రోజుకు రూ.800 చొప్పున 80 వేలు. బ్యాటరీలు 3 లక్షలు. రెక్కలు, నాజిళ్లు, మోటార్ల రిపేర్లు 60 వేలు. ఇన్సూరెన్స్ 20 వేలు. మొత్తం ఖర్చు 6.1 లక్షలు. మిగిలింది 1.9 లక్షలు. డ్రోన్ పెట్టుబడి తిరిగి రావాల్సింది ఇందులోంచే.

ఇప్పుడు రోజుకు 10 ఎకరాలే దొరికాయనుకోండి. ఆదాయం 4 లక్షలు. బ్యాటరీ ఖర్చు సగమై 1.5 లక్షలు అవుతుంది కానీ జీతాలు, డీజిల్, రిపేర్లు, ఇన్సూరెన్స్ తగ్గవు. ఖర్చు 4.6 లక్షలు. అంటే 60 వేలు నష్టం.

ఈ వ్యాపారం డ్రోన్ ధర మీద కన్నా రోజుకు దొరికే ఎకరాల మీద నడుస్తుంది. అందుకే కొనే ముందు చుట్టుపక్కల నాలుగైదు ఊర్ల రైతులతో మాట్లాడి, ఎన్ని ఎకరాలు ఖాయంగా వస్తాయో రాసుకోవాలి. యజమానే పైలట్ అయితే జీతం ఇంట్లోనే ఉంటుంది, నష్టం అంచు కొంచెం దూరం జరుగుతుంది.

పెట్టుబడి ఎక్కడి నుంచి?

కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు, మహిళలకు డ్రోన్ ధరలో 50 శాతం, గరిష్ఠంగా రూ.5 లక్షల వరకు సాయం ఉంది. మిగతా రైతులకు 40 శాతం, రూ.4 లక్షల వరకు. మహిళా సంఘాలకు 2023 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 80 శాతం, రూ.8 లక్షల వరకు ఇస్తారు. మన ఇండ్లలోని ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో ఉంటే అక్కడ అడగడం మంచిది. నిధులు ఉన్నాయా లేదా అన్నది మండల వ్యవసాయ అధికారి దగ్గర కనుక్కోవాలి. ఎలా చూసినా టైప్ సర్టిఫికెట్ లేని కిట్ డ్రోన్‌కు సబ్సిడీ రాదు. కిట్‌లో మిగులుతాయనుకున్న పైసలు ఇక్కడే పోతాయి.

వడ్డీ లోను వద్దనుకునే కుటుంబాలు ఇద్దరు ముగ్గురు కలిసి భాగస్వామ్యంగా కొనొచ్చు. అలాగైతే ఎవరి పెట్టుబడి ఎంత, పని చేసేవారికి వాటా ఎంత, నష్టం వస్తే ఎలా పంచుకోవాలి, బ్యాటరీల కోసం ఎంత పక్కన పెట్టాలి అన్నది మొదటిరోజే కాగితం మీద రాసుకోవాలి. అన్నదమ్ములైనా సరే, బావమరుదులైనా సరే.

ఎక్కడ ఎగరేయొచ్చు?

డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్‌గా ఉన్న చోట 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. మందు కొట్టేది పంటకు కొద్ది అడుగుల పైనే కాబట్టి ఎత్తు సమస్య రాదు. జోన్ సమస్య రావచ్చు. ఆదిలాబాద్ పట్టణం దగ్గర వైమానిక దళానికి చెందిన ఎయిర్‌ఫీల్డ్ ఉంది, రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది, ఆ పక్కనే పెద్ద విద్యుత్ కేంద్రం ఉంది. కవ్వాల్ పులుల అభయారణ్యం అంచు ఊర్లలో అటవీ శాఖను అడగాలి. వీఐపీ పర్యటనలు, ఎన్నికల సమయంలో ఎస్పీ స్థాయి అధికారి ఒక ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించొచ్చు. అందుకే ప్రతి కొత్త ఊర్లో ఆ రోజు మ్యాప్ చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

గాలి ఎక్కువుంటే ఆపేయాలి. పక్క చేనులోకి, చెరువులోకి, మేస్తున్న పశువుల మీదికి మందు పోతే తగాదా ఖాయం. ముందురోజే పక్క రైతుకు ఒక మాట చెబితే సగం గొడవలు రావు.

పాతది కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

రెండు సీజన్లు నడిపి ఆపేసిన డ్రోన్లు తక్కువ ధరకు వస్తాయి. కొనేవారు ముందుగా యూఐఎన్, టైప్ సర్టిఫికెట్ నంబరు, బిల్లు మీది పేరు, డ్రోన్ మీది సీరియల్ నంబరు సరిపోలుతున్నాయో చూడాలి. తర్వాత బ్యాటరీలు ఎన్నిసార్లు చార్జ్ అయ్యాయో, ఉబ్బాయేమో చూడాలి. చేతుల జాయింట్ల దగ్గర పగుళ్లు, అతికించిన గుర్తులు ఉంటే అది ఒకసారి పడిందన్నట్టే. మందు పెట్టకుండా నీళ్లతో నిండు ట్యాంకు మీద ఎగరేసి చూపించమనాలి. ఖాళీ డ్రోన్ ఎవరిదైనా బాగానే ఎగురుతుంది.

అమ్మేవారికీ ఒక జాగ్రత్త ఉంది. డ్రోన్‌ను అమ్మినా, కిరాయికిచ్చినా, ఎవరికైనా బహుమతిగా ఇచ్చినా పేరు మార్పిడికి ఫారం డి-3 ఆన్‌లైన్‌లో నింపి ఫీజు కట్టాలి. పైసలు తీసుకొని రిమోట్ చేతిలో పెడితే అమ్మకం పూర్తయినట్టు కాదు. రికార్డులో పాత పేరే ఉంటే, రేపు ఆ డ్రోన్‌తో ఏం జరిగినా పోలీసులు ముందు తలుపు కొట్టేది పాత యజమానిదే. సబ్సిడీతో తీసుకున్నదైతే మంజూరు చేసిన కార్యాలయంలో అడగకుండా అమ్మొద్దు.

కిట్ డ్రోన్‌కు నంబరే లేదు కాబట్టి మార్చడానికి పేరు కూడా లేదు. చట్టం తెలిసినవారెవరూ దాన్ని కొనరు. మూడు లక్షలు పెట్టి చేసింది చివరికి మోటార్లు, బ్యాటరీలుగా విప్పి విడిభాగాల ధరకు అమ్ముకోవాల్సిందే.

కిట్ జోడించడం నేర్చుకోవడం తప్పు కాదు. ఆ పని వచ్చినవారికి డ్రోన్ రిపేర్ షాపు మంచి బతుకుదెరువు అవుతుంది. సర్టిఫికెట్ ఉన్న డ్రోన్లు కూడా పడతాయి, విరుగుతాయి, సీజన్‌లో వాటిని బాగుచేసే చేయి దగ్గర్లో దొరకదు. తక్కువ పెట్టుబడి ఉన్న యువకుడు ముందు పైలట్ సర్టిఫికెట్ తీసుకొని, వేరొకరి డ్రోన్‌పై ఒక సీజన్ పని చేసి, రోజుకు నిజంగా ఎన్ని ఎకరాలు అవుతున్నాయో తన కళ్లతో చూశాక సొంతదాని గురించి ఆలోచిస్తే చేతిలోని పైసలు చేతిలోనే ఉంటాయి.