ప్రాథమిక పాఠశాలలలో కళావిద్య

2009వ సంవత్సరపు బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టమునకు అనుబంధముగా నొక పట్టిక కలదు. ఏ తరగతులకు ఎందరు ఉపాధ్యాయు లుండవలెనో అందు నిర్ణయింపబడినది. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు, నూర్గురికి మించి విద్యార్థులున్నచో, కళలు నేర్పుటకు పాక్షికకాల బోధకు డొకడుండవలెనని యందు గలదు. ఒకటి మొదలు అయిదువరకు గల తరగతుల విషయమున నట్టి మాట యొక్కటియు లేదు. అరువదిమంది వరకు బాలబాలికలకు ఇద్దరు ఉపాధ్యాయులు, అంతటితో సరి. ఆ యిద్దరే అయిదు తరగతులకును తెలుగు, ఇంగ్లీషు, గణితము, పరిసరముల విజ్ఞానము బోధింపవలెను, హాజరుపట్టీలు వ్రాయవలెను, మధ్యాహ్నపు భోజనమును కనిపెట్టవలెను. ఇక పాట కెక్కడి తీరిక?

గొంతు సాగుటకును, వ్రేళ్లు వంగుటకును, నలుగురిలో సిగ్గుపడక నిలుచుటకును అనువైనది పదేండ్లలోపు వయస్సు. ఆ వయస్సు గడచిన పిమ్మట బోధకుని నియమింపు మనుట, నాట్లకాలము దాటిన తరువాత కాలువ విడుచుట వంటిది.

ఈ లోపము ఏ మండలమునందైనను విచారకరమే. విజయనగర శ్రీకాకుళ ప్రాంతములందు మాత్రము వింతగా గూడ నున్నది. విజయనగరపు సంగీత కళాశాలను 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు స్థాపించిరి. ఆస్థానోద్యోగి యైన చాగంటి జోగారావుగారి కుమారుడు, అంధబాలుడు గంగరాజు నిమిత్తమే ఆ సంకల్పము పుట్టెనని ప్రసిద్ధి. ఒక్క బాలునికొరకు ఒక కళాశాల! హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. 1936లో ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పదవి నలంకరించిరి. 1922లో కృష్ణా మండలమున జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు బాల్యముననే తండ్రిని గోల్పోయి, ఈ పట్టణమునకు వచ్చి, మధూకరమెత్తి సంగీతము నభ్యసించెను. 1935లో ఈ పట్టణముననే జన్మించిన పి. సుశీలయు నిచ్చటి విద్యార్థినియే. కాని కళాశాల యెంత గొప్పదైనను తన వాకిటికి వచ్చినవారికే విద్య గరపగలదు. పల్లెబడిలోని పిల్లవానిని వెదకికొని పోజాలదు. ఆ పని బడియే చేయవలెను.

అందుకు వలయు సామగ్రి దూరమున లేదు. ఈ ప్రాంతపు తప్పెటగుళ్లనే చూడుడు. గొల్లలు ఱొమ్మున తప్పెట గట్టుకొని, కాళ్లకు గజ్జెలు ధరించి, రెండుచేతుల వాయించుచు, పాడుచు, వలయముగా నాడుదురు; ఒకరి భుజములపై నొకరు నిలిచియు దరువు తప్పనీయరు. ఆ దరువున లెక్క కలదు. నడకలు మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అక్షరములవి. ఏడనగా మూడును నాలుగును కలసినదని బాలుడు చప్పటలు చరచి తెలిసికొన్నచో పలకపై వ్రాసికొన్నదానికంటె గట్టిగా నిలుచును. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారు పనసమ్రానును తొలిచి వీణ చేయుదురు. ఆ పని జరుగుచోట పిల్లలను ఒక్కపూట కూర్చుండబెట్టినచో నాదమెట్లు పుట్టునో ఏ చిత్రపటమును చెప్పలేనంత స్పష్టముగా బోధపడును. జముకుల కథ కలదు. తూర్పు భాగవతము కలదు. సవరల గోడబొమ్మలు కలవు. సవరపిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని గిడుగు రామమూర్తిగారు స్వయముగా బడులు పెట్టి చూపిరి. పాటకును బొమ్మకును ఆ న్యాయమే చెల్లును.

ఇచ్చట మన పెద్దలనుగూర్చి యొకమాట చెప్పక తప్పదు. పైడితల్లి సిరిమానోత్సవమున తప్పెటగుళ్లదళమును మెచ్చి రూకలిచ్చు గృహస్థుడు, తన మనుమడు ఆ తప్పెటను తగిలించుకొన్నచో సహించునా? కులమునకు ముడివెట్టి కళను గుమ్మము బయట నిలిపినవారము మనమే. ఇక పాఠశాల వార్షికోత్సవము సంగతి చెప్పనేల! పదునైదు దినములు సినిమాపాటల కనుగుణముగా చురుకైన పదుగురిచేత గంతులు వేయించుట, తక్కిన పిల్లలు చాపలపై కూర్చుండి చూచుట. దానిని కళావిద్య యనుట మాటను దుర్వినియోగము చేయుటయే.

1937లో వార్ధాయందు మహాత్ముని ప్రేరణచే రూపొందిన విద్యాప్రణాళికలో చేతిపనితోపాటు సంగీతమును చిత్రలేఖనమును చేర్చిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము స్థానిక కళాకారులను బోధకులుగా నియమింపవలెనని చెప్పినది. చెప్పుటకేమి, చట్టపు పట్టికలో ప్రాథమిక తరగతులయెదుట ఆ గడి నేటికిని ఖాళీయే. దానిని పూరింపుమని శాసనసభ్యుల నడుగుట యొక పని. అంతవరకు ఊరకుండ నక్కరలేదు. దగ్గరదగ్గరనున్న నాలుగైదు బడులకు కలిపి ఒక తప్పెటకాడు, ఒక చిత్రకారిణి, వారమున కొక్కొక్క బడిలో రెండేసి గంటలు, పరీక్షలు వలదు, ఉపాధ్యాయుడును పిల్లలతో గూర్చుండి నేర్చుకొనవలెను. పాఠశాల యాజమాన్య సంఘములలో తల్లిదండ్రులున్నారు గనుక తీర్మానము కష్టము కాదు. ద్రవ్యమును మాత్రము సంభావనగా గాక, నెలజీతముగా నియ్యవలెను. ఈ దళములలోని పడుచువారు కూలికై విశాఖపట్టణమునకును హైదరాబాదునకును వలసపోవుచున్నారు. జీతము నిశ్చయమైనచో ఒకరిద్దరైన ఊరు విడువక నిలుతురు. వారితోపాటు తప్పెటలు బాగుచేయువాడును నిలుచును.